అక్క కంచంలోకి రాని కూర

ఆదివారం పొద్దున కల్వకుర్తిలో నేను కిరాయికి ఉండే గది కిటికీ తెరిస్తే చాలు, వెనక ఇంట్లో నల్ల వేగుతున్న వాసన నేరుగా లోపలికి వచ్చేస్తుంది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, నల్ల అంటే గొర్రెనో మేకనో కోసినప్పుడు గిన్నెలో పట్టిన నెత్తురు. అది గడ్డకట్టాక ఉడికించి, చేత్తో చిదిపి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు, ఎల్లిగడ్డ, చివర్లో గుప్పెడు మెంతికూర వేసి నూనెలో పొడిపొడిగా వేయిస్తారు. ఆ వాసనకు నాతోపాటు బడిలో పాఠాలు చెప్పే టీచర్లకు నోట్లో నీళ్లూరతాయట, నాకైతే ఒళ్లు మండుతుంది. లేచి కిటికీ మూస్తాను, మూసినా సందుల్లోంచి వస్తూనే ఉంటుంది. ఇరవై దాటీ దాటకముందే చిన్నతనం గురించి రాయడమేమిటని మీరు నవ్వుకుంటారేమో, నవ్వుకోండి. ముసలిదాన్నయ్యేదాకా ఆగితే ఈ కోపం చల్లారిపోతుందేమోనని నా భయం. అది చల్లారడం నాకిష్టం లేదు.

మాది అచ్చంపేట దారిలో, తారురోడ్డు దిగి గుట్టల వైపు పోతే వచ్చే చిన్న ఊరు. గొర్లు కాసుకునే ఇల్లు మాది. బాపు, అమ్మ, బాపును కన్న అవ్వ, అక్క రేణుక, నేను, నా తర్వాత పుట్టిన తమ్ముడు శీను, ఇంతే మేము. తెలంగాణ వచ్చిందని ఊరంతా గులాలు చల్లుకున్న ఏడు నేను నాలుగో తరగతి, అక్క ఎనిమిది. ఇంటి ముందు కంపకొట్టిన దొడ్డి, దొడ్డి నిండా గొర్లు, ఎండాకాలంలో వాటి ఒంటి వేడి, వానాకాలంలో తడిసిన బొచ్చు వాసన, చలికాలంలో తెల్లవారుజామున వాటి మూతుల్లోంచి వచ్చే పొగ. మాకు కాలాలు మారిన సంగతి దొడ్డిని బట్టే తెలిసేది. మోదుగులు పూసినప్పుడు ఆ పూలు తెచ్చి కుండలో ఉడకబెట్టి హోలీకి రంగు చేసుకునేవాళ్లం, బడి సెలవుల్లో తునికి పండ్లు ఏరుకొచ్చి అవ్వకు తెలియకుండా గడ్డివాములో మాగబెట్టేవాళ్లం, బతుకమ్మ నాటికి గుట్ట మీద సీతాఫలాలు కళ్లు విచ్చేవి. పొద్దంతా తొక్కుడుబిల్ల ఆడితే కాళ్లు దుమ్ముకొట్టుకుపోయి, అమ్మ చీపురుకట్ట తీసుకొని వచ్చేదాకా ఇంట్లోకి పోయేవాళ్లం కాదు. ఆ ఆటలో అక్కను మించినవాళ్లు మా వాడకట్టులో లేరు. ఒంటికాలి మీద గడులన్నీ దాటి, బిల్లను తలమీద పెట్టుకొని, కళ్లు మూసుకొని నడుచుకుంటూ వచ్చేది. ఆ నడక నాకింకా కళ్ల ముందుంది.

బాపు గొర్లను చూసుకునే తీరు చెప్పాలి, చెప్పకపోతే మీకు నా కోపం అర్థం కాదు. పొద్దున మందను వదిలేముందు దొడ్డి తలుపు దగ్గర గొంగడి భుజాన వేసుకొని నిలబడేవాడు, ఒక్కొక్కటి బయటికి వస్తుంటే నడక చూసేవాడు, తల వేలాడేసిందా, వెనకబడిందా, మేత ముందు పెడితే మూతి పెట్టకుండా మట్టి నాకుతోందా అని కనిపెట్టేవాడు. అనుమానం వస్తే దాన్ని రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకొని, బొటనవేలితో కింది కంటిరెప్పను కిందికి లాగి చూసేవాడు. లోపల ఎర్రగా ఉంటే వదిలేసేవాడు. తెల్లబడి ఉంటే మాత్రం ఆ రోజు దాన్ని మందతో పంపేవాడు కాదు. కడుపులో నట్టలు పడి దాని నెత్తురు తాగేస్తున్నాయని, పశువుల దవాఖాన నుంచి నట్టల మందు తెచ్చి గొట్టంతో తాపేవాడు, అమ్మతో ఉలవలు ఉడకబెట్టించి దాని ముందు పెట్టేవాడు, అవిశె కొమ్మలు కొట్టుకొచ్చి పందిరికి కట్టేవాడు. తిన్నదా లేదా అని వచ్చీపోయీ చూసుకునేవాడు. ఊళ్లో ఎవరి మంద జబ్బుపడ్డా కబురు బాపుకే వచ్చేది. బాపు రెప్ప లాగి చూశాడంటే ఇక ఆ గొర్రె బతికిందనే లెక్క. నాకూ ఆ చేతులంటే గొప్పగా ఉండేది, కాదనను.

గొర్ల ఇల్లు కదా, రోజూ మాంసమే తింటారనుకుంటారు. అమ్ముకునే గొర్రెను ఎవరూ కోసుకోరు. దసరాకు, పోచమ్మ బోనాలకు, పీర్ల పండుగకు, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు కోసేవాళ్లు. ఆ రోజు పొద్దున్నే బాపు అన్నదమ్ములు, వాళ్ల కొడుకులు పందిరి కింద చేరేవాళ్లు, తాటికల్లు లొట్టి వచ్చేది, అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని మొట్టమొదట నల్ల వేయించేది, దాని వెంటే కార్జం ముక్కలు ఉప్పూ కారం అద్ది నిప్పుల మీద కాల్చేది. అవి పందిరి కిందికి పోయేవి, మళ్లీ లోపలికి తిరిగొచ్చేవి కావు. శీను వాళ్ల మధ్య దూరి కూర్చుని నోరు తెరిస్తే చాలు, ఒకరు కాకపోతే ఒకరు పెట్టేవాళ్లు. మాకు మధ్యాహ్నం దాటాక పులుసు, బొక్కలు, నాలుగు పేగు ముక్కలు. అమ్మకు, అందరూ తిన్నాక గిన్నె తుడుచుకునేంత. చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు నేనూ అక్కా పొయ్యి దగ్గర కాపు కాసి, అమ్మ గరిటె అంచుకు అంటుకున్న నల్లను గోకి పెడితే నాకేవాళ్లం. ఎంత రుచి అనుకున్నారు? ఆ గరిటె గోకుడు కూడా అక్క పెద్దమనిషి అయిన రోజుతో ఆగిపోయింది.

పెద్దమనిషి అయినప్పుడు చేసిన హడావుడికి మాత్రం తక్కువ లేదు. ఈతచాప మీద కూర్చోబెట్టారు, మేనత్తలు నువ్వులు, బెల్లం దంచి ముద్దలు చేసి తెచ్చారు, ఎండుకొబ్బరి చిప్పలో బెల్లం పెట్టి తినమని ఒకరి మీద ఒకరు పోటీ పడ్డారు, తినలేనంటే బుగ్గలు నొక్కి నోట్లో కుక్కారు. వచ్చినవాళ్లంతా అక్క ఒళ్లు చూసి, పిల్ల నిండుగా ఉందని అవ్వకు చెప్పి పోయారు. చుట్టాలు వెళ్లిపోయారు, ముద్దల డబ్బా అటక ఎక్కింది. నడుం నిలవాలి, నెత్తురు పట్టాలి అని ఎవరో ఏ కాలంలోనో ఆలోచించి పెట్టిన తిండే కదా అది. నలుగురు చూసేదాకా పెట్టి, చూపులైపోయాక ఆపేస్తే దాన్ని ఏమనాలి?

తర్వాత వచ్చిన మొదటి దసరాకు అక్క ఎప్పటిలాగే పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చుంది. అమ్మ గరిటె అందించబోతుంటే అవ్వ గడప మీద నుంచే ఆపింది.

"ఈడొచ్చిన పోరికి నల్ల పెడుతున్నవా ఏమే? వేడి జేస్తది."

"గరిటెకు అంటింది గంతే అత్తా."

"గంతదైనా వద్దు. అసలే దానికి మైల ఆగుతలేదు. ఒంట్ల నెత్తురు ఎక్కువైతేనే గదా గంతగనం పోతది."

అమ్మ గరిటె వెనక్కి తీసుకుంది. ఇదీ మా ఇంటి వైద్యం. అక్కకు నెలనెలా రోజుల తరబడి విపరీతంగా పోయేది, బడికి పోలేకపోయేది, గుడ్డలు చాలక పాత చీర చింపుకునేది. అంత పోతున్నదంటే లోపల అంత ఎక్కువ ఉందన్నమాట అని అవ్వ తేల్చేసింది, ఎక్కువ ఉన్నదాన్ని తగ్గించాలంటే తిండి తగ్గించాలని కూడా తనే తేల్చింది. నల్ల బందు, కార్జం బందు, గుడ్డు బందు, నువ్వులు, బెల్లం అసలే బందు. కుండలోంచి నీళ్లు కారిపోతుంటే కుండలో నీళ్లు మరీ ఎక్కువున్నాయని పోయడం మానేసేవాళ్లు ఎక్కడైనా ఉంటారా? ఉన్నారు, మా ఇంట్లోనే ఉన్నారు, మా వాడకట్టంతా ఉన్నారు. అవ్వ చెడ్డది కాదు, అక్కంటే ప్రాణం పెట్టేది, జ్వరమొస్తే ఒళ్లోనుంచి దించేది కాదు. ఆ ప్రేమను తలుచుకుంటే నాకు ఇంకా ఎక్కువ కోపం వస్తుంది. చెడ్డవాళ్లయితే ఎదురు తిరిగేవాళ్లం కదా.

ఇక అక్క మారడం మొదలైంది. బడి పక్క ఊళ్లో ఉండేది, నడిచిపోవాలి. నా చేయి పట్టుకొని లాక్కుపోయే మనిషి, దారిలో మైలురాయి కనబడితే కూర్చోవడం మొదలుపెట్టింది. చిన్న ఎత్తు ఎక్కినా ఆయాసం. తొక్కుడుబిల్ల ఆడదాం రమ్మంటే నువ్వు ఆడుకో, నేను చూస్తా అనేది. క్లాసులో నిద్రపోతోందని సారు బెంచీ ఎక్కించాడు. ఇంట్లో బిందె ఎత్తితే గోడ పట్టుకొని నిలబడేది. అమ్మ తిట్టేది, "పోరికి పని జెప్తే కండ్లు తిరుగుతయి" అనేది. అందరి నోటా ఒకటే మాట, ఒళ్లు వంగని పిల్ల. ఈ లోపల దానికి బియ్యం పిచ్చి పట్టింది. మాట్లాడుతూ మాట్లాడుతూ బస్తాలో చేయి పెట్టి పిడికెడు పచ్చి బియ్యం తీసేది, పావడా కుచ్చిళ్లలో మూటగట్టుకొని బడికి తెచ్చుకునేది, పటపటా నమిలేది. వాన మొదలై మట్టి వాసన లేస్తే గోడ దగ్గరికి పోయి కళ్లు మూసుకొని పీల్చేది, ఒక్కోసారి గోడ పెచ్చు గీరి నోట్లో వేసుకునేది. పచ్చి బియ్యం తింటే పెండ్లినాడు వాన పడుతుందని మా దగ్గర అంటారు కదా, ఊరంతా అదే పట్టుకుంది. "రేణవ్వ పెండ్లికి మనం గొడుగులు కొనుక్కోవాలె" అని ఒకరు, "పందిరి గాదు, పడవ గట్టాలె" అని ఇంకొకరు. అక్క కూడా సిగ్గుపడుతూ నవ్వేది. మట్టి నాకే గొర్రెను చూసి జబ్బని కనిపెట్టే ఊరు మాది. మట్టి తినే ఆడపిల్లను చూసి పెండ్లి ముచ్చట్లు చెప్పుకుంది.

అక్క తొమ్మిదిలో ఉండగా బడికి నర్సమ్మ వచ్చింది. మంచి మనిషి, మాటలో కసురు ఉండేది కాదు. ఆడపిల్లలను వరసలో నిలబెట్టి బరువు చూసింది, గోళ్లు చూసింది, అక్క వంతు వచ్చేసరికి బొటనవేలితో కింది కంటిరెప్ప లాగి చూసింది. అక్కడున్న పిల్లల్లో సగం మంది గొర్ల ఇళ్లవాళ్లే. రెప్ప లాగడం చూడగానే వెనక నుంచి ఎవరో "మ్యా" అన్నారు. ఇంకేముంది, వరసంతా మ్యా మ్యా అని అరుపులు, పడీపడీ నవ్వులు. నర్సమ్మకు పాపం ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు. ఈ పిల్లకు రక్తం చాలా తక్కువుంది, పెద్ద దవాఖానలో చూపించాలె, రేపు మీ బాపును పిలుచుకొని రా అని చెప్పి, ముందుగా నట్టల మాత్ర నమిలించి, నీలం రంగు ఐరన్ మాత్రలు ఇచ్చింది. అక్క ఆ రోజు ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చింది, దారంతా మగపిల్లలు వెనకాల మ్యా మ్యా అంటూనే ఉన్నారు.

బాపు మరునాడు బడికి పోయాడు. నర్సమ్మ చెప్పింది వినడానికి కాదు. గొంగడి దులుపుకుంటూ బడి మధ్యలో నిలబడి అడిగాడు.

"మా పిల్ల గొర్రెనా అమ్మా? పదిమందిల నిలవెట్టి కన్ను గుంజి చూస్తవా?"

"రక్తం ఉన్నదా లేదా గట్లనే చూడాలె అన్నా. నీ బిడ్డకు బాగా తక్కువున్నది."

"మా ఇంట్ల తిండికి తక్కువ లేదు. పరువు తియ్యకు."

చూశారా? నర్సమ్మ చెప్పేది మా ఊళ్లో అందరికన్నా బాగా అర్థం కావలసింది బాపుకే. తెల్లబడిన రెప్ప అంటే ఏమిటో, దాన్ని ఎట్లా నిలబెట్టాలో, ఏ ఆకు పెట్టాలో ఆయనకు తెలుసు. కానీ గొర్రెకు చూసినట్టు బిడ్డకు చూడటం అవమానమైంది. గొర్రెకు చేసినంత బిడ్డకు చేయకపోవడం మాత్రం అవమానం కాలేదు. నర్సమ్మ వచ్చే రోజు తెలిస్తే ఇక అక్కను బడికి పంపేవాళ్లు కాదు. ఆ నీలం మాత్రలు వేసుకున్న రెండో రోజుకే దొడ్డికి నల్లగా పోతోందని అక్క అమ్మకు చెప్పింది, అమ్మ అవ్వకు చెప్పింది, అవ్వ ఆ మాత్రలు కడుపును మాడ్చేసే విషమనీ, అవి మింగిన ఆడపిల్లకు పిల్లలు పుట్టరనీ తీర్పు చెప్పి పెంటకుప్పలో పారేసింది. అక్క ఒంటి సంగతి పిల్లలు కనే రోజు నాటికి ఆలోచించాలి తప్ప, దానికి అప్పటికే ఒక ఒళ్లు ఉందన్న ధ్యాస ఆ ఇంట్లో ఒక్కరికైనా ఉంటే కదా.

పదో తరగతిలో బడి మాన్పించారు. చదువు మీద మనసు లేదు, నిద్రబోతు, మంద వెంబడి తిరిగితే ఒళ్లన్నా వంగుతుంది అన్నారు. అక్కకు లెక్కలంటే ఇష్టమని ఎవరికీ గుర్తు లేదు. సీతాఫలాలు పండే కాలంలో, బాపుతో పాటు గుట్ట మీదికి మందను తోలుకొని పోయింది, నేను సెలవని వెంట ఉన్నాను. సగం గుట్ట ఎక్కామో లేదో నీళ్లు కావాలంది, సీసా తీసి ఇచ్చేలోపు ఉన్నచోటనే కూలిపోయింది. ముఖం చూస్తే సున్నం కొట్టినట్టుంది, పెదవులకు రంగే లేదు. బాపు భుజాన వేసుకొని పరుగెత్తాడు. అంత బరువు మోస్తూ ఆయన ఏడవడం నేను చూశాను, ఆ ఏడుపు అబద్ధం కాదు. అచ్చంపేటలో చూసి, వెంటనే పాలమూరు పెద్ద దవాఖానకు పొమ్మన్నారు.

అక్కడ ఒక లేడీ డాక్టరు అక్కను చూసి, ఇంకొంచెం ఆలస్యమైతే గుండె ఆగేదని చెప్పింది. నెత్తురు ఎక్కించాలి, దవాఖానలో ఉన్నది ఎక్కిస్తాం, కానీ మీ ఇంటి నుంచి కూడా ఒకరు ఇవ్వాలి అంది. ఏం పని చేస్తారని బాపును అడిగింది. గొర్లు కాస్తామన్నాడు. ఆమె రాసేది ఆపి తలెత్తి చూసింది. ఆమెది కూడా గొర్ల ఇల్లేనట, ఎక్కడో నల్లగొండ వైపు.

"గొర్రెకైతే పొద్దుగాల్నే రెప్ప గుంజి చూస్తవు గద పెద్దాయనా. గీ పిల్లకు ఒక్కనాడన్న చూసినవా?"

బాపు తల దించుకున్నాడు. నాకు అప్పుడు పన్నెండేళ్లు. ఆ ఒక్క మాటతో అన్నీ ఒకదాని వెనక ఒకటి నాకు అర్థమైపోయాయి, గోడ పెచ్చు, పచ్చి బియ్యం, మైలురాయి, మ్యా మ్యా అన్న నవ్వులు. దవాఖాన వరండాలో నిలబడి నేను పళ్లు కొరుక్కున్నాను.

నెత్తురు ఇవ్వడానికి మొదట అమ్మ వచ్చింది. నా బిడ్డకు నేనిస్తానని చేయి చాచింది. వేలికి సూది గుచ్చి, ఒక చుక్క తీసి, చిన్న గాజు గిన్నెలోని నీలం నీళ్లలో వేశారు. నెత్తురు గట్టిదైతే చుక్క మునుగుతుందట. అమ్మ చుక్క మునగలేదు, పైనే తేలుతూ అటూ ఇటూ తిరిగింది. "నీకే ఎక్కియ్యాలె అమ్మా, నువ్వేం ఇస్తవు" అని పక్కన కూర్చోబెట్టారు. అమ్మ ఆ చుక్కనే చూస్తూ కూర్చుంది, తను ఏదో తప్పు చేసినట్టు. అవ్వ ముసలిది, నేను చిన్నదాన్ని. ఇక మిగిలింది బాపు. ఆయనకేమో భయం, నెత్తురు తీస్తే మంద వెంట తిరిగే బలం పోతుందని, మగవాడు పనికిరాకుండా పోతాడని. డాక్టరు గట్టిగా కసిరితే వేలు ఇచ్చాడు. బాపు చుక్క నీలం నీళ్లలో పడీ పడగానే నేరుగా అడుగుకు పోయింది. ఎందుకు పోదు? పండుగ పండుగకూ పందిరి కింద తిన్నదంతా అందులో ఉంది మరి.

అక్కను ఇంటికి తెచ్చిన మరునాడు బాపు అన్నదమ్ములు పొట్టేలును కోశారు. నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. డాక్టరు కార్జం, గుడ్లు, ఆకుకూరలు, బెల్లం పెట్టమని అమ్మకు పదేపదే చెప్పడం నేను విన్నాను, అక్క కోసమే కోశారనుకున్నాను. అమ్మ నల్ల వేయించింది, కార్జం కాల్చింది, కంచం నిండా పెట్టి తీసుకుపోయి బాపు ముందు పెట్టింది. ఒక సీసాడు నెత్తురు ఇచ్చివచ్చాడు కదా, బలం కావాలి కదా. చిన్నాయనలు ఒక్కొక్కరే వచ్చి ఆయన భుజం తట్టారు. శీనుకు పక్కన ఒక గిన్నె. అక్క లోపల మంచం మీద గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. దాని ముందు మెత్తగా ఉడికిన అన్నం, చింతపండు చారు.

"అక్కకు పెట్టరా?" అని అడిగాను.

"దవాఖాన నుంచి వచ్చిన మనిషికి పత్తెం ఉంటదే. వేడి వస్తువులు పెట్టొద్దు" అంది అవ్వ.

"డాక్టరమ్మ పెట్టుమన్నది."

"డాక్టరమ్మ వచ్చి చేస్తదా రేపు మల్ల కండ్లు తిరిగితే?"

బాపు వైపు చూశాను. ఆయన విన్నాడు. దవాఖానలో తల దించుకున్న మనిషి, గుట్ట మీద నుంచి ఏడుస్తూ పరుగెత్తిన మనిషి, అన్నీ విని, ముద్ద కలుపుకున్నాడు. నాకు ఏం పూనిందో తెలియదు, పోయి ఆ కంచాన్ని కాలితో తన్నాను. నల్ల అంతా పందిరి కింద మట్టిలో పడింది. చిన్నాయన నన్ను రెక్క పట్టి లేపి వీపు మీద నాలుగు వేశాడు, అన్నం కంచాన్ని తన్నిన పిల్ల బాగుపడదని అవ్వ శాపనార్థాలు పెట్టింది. మట్టిలో పడింది మా కుక్క వచ్చి ఆబగా తిన్నది. ఆ రోజు మా ఇంట్లో అందరికన్నా నెత్తురు తక్కువున్న మనిషికి దొరకనిది ఆ కుక్కకు దొరికింది. ఆ దెబ్బలకు నేను ఏడవలేదు. ఇప్పటికీ ఆ పని గురించి నాకు పశ్చాత్తాపం లేదు, కావాలంటే ఇంకోసారి తంతాను.

అక్క చావలేదు. మెల్లగా లేచి తిరిగింది, తిరిగిందంటే పనులు చేసింది. పద్దెనిమిది నిండగానే చౌటుప్పల్ సంబంధం చూసి పెండ్లి చేశారు. బావ అక్కడ మందుల కంపెనీలో పనిచేస్తాడు. పెండ్లినాడు వాన పడలేదు, ఎండ కాసింది, ఆ ముచ్చట అప్పటికి అందరూ మరిచిపోయారు.

ఇప్పుడు మా ఊరికి పోతే దొడ్డి ఉన్న జాగాలో రేకుల షెడ్డు ఉంది. బాపు మోకాళ్లు అరిగి మందను అమ్మేశాడు, శీను హైదరాబాదులో డెలివరీ బండి నడుపుతాడు, వాడికి గొర్రె ముఖం ఎటుందో కూడా తెలియదు. అవ్వ పోయింది. సగం గుట్టను కంకరకు తవ్వేశారు, సీతాఫలాల చెట్లు మిగిలిన సగంలో ఉన్నాయంటే ఉన్నాయి. మోదుగుపూలు ఉడకబెట్టే పిల్లలు లేరు, తొక్కుడుబిల్లకు గడులు గీసిన జాగాలో సిమెంటు రోడ్డు పడింది. గొంగడి కప్పుకొని పొద్దున్నే దొడ్డి తలుపు దగ్గర నిలబడే మనుషులు మా ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. ఇవన్నీ పోయినందుకు కన్నీళ్లు పెట్టుకోవాలని చిన్ననాటి ముచ్చట్లు రాసేవాళ్లందరూ అంటారు. నాకూ కొన్ని పోయినందుకు బాధగానే ఉంది. కానీ పోవలసింది ఇంకొకటి ఉంది, అది మాత్రం ఇల్లు మారినా, ఊరు మారినా, పొయ్యి పోయి గ్యాసు వచ్చినా, మనతో పాటే సామాను సర్దుకొని వస్తుంది.

పోయిన నెల చౌటుప్పల్ వెళ్లాను. అక్కకు ఇద్దరు పిల్లలు, ఐదేళ్ల పాప హాసిని, దాని తర్వాత బాబు. కంపెనీ వాళ్లుండే కాలనీలో రెండు గదుల ఇల్లు, అక్క అత్తగారు కూడా అక్కడే ఉంటారు. మధ్యాహ్నం అక్క గుడ్లు ఉడకబెట్టి, పిల్లల కంచాల్లో ఒక్కోటి పెట్టింది. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది, పోనీలే, ఈ ఇంట్లోనైనా ఇద్దరికీ పెడుతున్నారు అనుకున్నాను. అంతలో హాసిని తన కంచంలోని గుడ్డు తీసి తమ్ముడి కంచంలో పెట్టింది. ఎవరూ అడగలేదు, వాడు ఏడవలేదు కూడా.

"చూడు బంగారు తల్లిని, గింత వయసుకే ఎంత బుద్ధి" అని అత్తగారు దాని తల నిమిరారు.

అక్క నా వైపు తిరిగింది. దాని ముఖం వెలిగిపోతోంది.

"నేనేం జెప్పలే చెల్లె. రోజూ గిట్లనే చేస్తది. దానంతట అదే నేర్చుకున్నది."

నేను లేచి, బాబు కంచంలోంచి గుడ్డు తీసి హాసిని చేతిలో పెట్టి, తిను అన్నాను. అది తినలేదు. తినొచ్చా అని వాళ్లమ్మ ముఖం చూసింది. అక్క అత్తగారి ముఖం చూసింది.